మనోహరమైన పోలిక

పదకొండేళ్లుగా నేను పిల్లల్ని బయటికి పంపి నిలబెట్టిన చోటే ఇవాళ నన్ను కూర్చోబెట్టారు. తొమ్మిదో తరగతి బి సెక్షన్ గోడకు ఈవల, కిటికీ పక్కన, అటెండరు స్టూలు మీద. లోపల నా కుర్చీలో డిప్యూటీ ఈవో రామ్‌దాస్ గారు కూర్చుని నా పిల్లలను నా గురించే అడగబోతున్నారు. మా హెడ్మాస్టరు శైలజ మేడం తలుపు దగ్గర ఆగి, నా ముఖం చూడకుండా, "సిద్దిరాములు సార్, పిలిచేదాక లోపలికి రావద్దు, కిటికీలకెల్లి సైగలు చేయొద్దు" అని చెప్పి పోయింది. సైగలట. తెలుగు పండితుడిని, నోరుండగా చేతులతో నాకేం పని. ఎదురుగా రెంజల్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి బోధన్ మీదుగా ఎక్కడికో వేరే ఫ్యాక్టరీకి పోతున్నాయి, మన చక్కెర ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లు కావస్తోంది, ఆకులు రాలి రోడ్డంతా పరుచుకున్నాయి, ఎవరూ ఊడ్వరు. టైము పది నలభై. ఇంకో గంటలో తేలిపోతుంది. రామ్‌దాస్ గారు రాసే రిపోర్టు సాయంత్రానికి నిజామాబాద్ చేరుతుంది, అందులో ఏముంటే అదే ఆర్డరు. సస్పెండ్ అయితే అయిపోయినట్టే, రెండేళ్లలో రిటైరయ్యే వాడిని మళ్లీ ఎవరు పిలిచి చేతికి సుద్దముక్క ఇస్తారు. సుద్దముక్క లేకపోతే నేనెవరిని. నాకు భయంగా ఉంది, ఈ మాట ఎవరితోనూ అనను గానీ అరచేతులు తడిగా ఉన్నాయి, పంచెకు తుడుచుకుంటున్నా మళ్లీ తడుస్తున్నాయి.

ఫిర్యాదు కాగితం నకలు మూడు రోజుల కింద నా చేతికిచ్చారు. రెంజల్ దగ్గరి పల్లెలో కూలికి పోయే ఈరవ్వ అనే ఆమె ఎవరితోనో రాయించింది. తెలుగు సారు తన బిడ్డకు పేరు పెట్టాడని, ఆ పేరు ఊరంతా పాకిందని, పిల్ల దసరా సెలవుల తర్వాత బడికి పోనని తనతో పాటు చెరుకు కొట్టడానికి వస్తోందని. నేను మొదట నా పేరు ఎలా రాశారో చూశాను. అనవసరంగా ఒక ఒత్తు పెట్టారు. ఎర్ర పెన్నుతో దాన్ని దిద్ది, మిగతాది అక్కడక్కడ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. పేరు పెట్టానట. పేర్లు పెట్టడం తొట్టెలనాటి పని, నా పని కాదు. నేను ఉదాహరణ ఇచ్చాను. ఉదాహరణకూ పేరుకూ తేడా తెలియనివాళ్లు బడి మీద కాగితాలు రాయడం ఈ మధ్య ఎక్కువైంది. పొద్దున తల్లీ బిడ్డా నా ముందు నుంచే లోపలికి పోయారు, ఈరవ్వ నాకు దండం పెట్టింది కూడా, అలవాటు కొద్దీ. పిల్ల పెట్టలేదు. ముంజేతుల మీద సన్నటి ఎర్ర గీతలున్నాయి, యూనిఫాం పొట్టిదైపోయింది, పోయి వెనక బెంచీలో తల్లి పక్కన కూర్చుంది. ఒకప్పుడు ముందు బెంచీలో కూర్చునేది.

అసలు పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ చూడండి, ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది. ఎవరామె, ఏ ఊరు, ఎవరి బిడ్డ. పిల్లలు కళ్లు తెరిచే నిద్రపోతారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఏర్గట్లలో ఉన్నప్పుడు, నాకు దారి దొరికింది. పసుపు ఉడకబెట్టే రోజులు, ఆ వాసన కిటికీల్లోంచి క్లాసులోకి వచ్చేది, ముందు బెంచీలో ఒక పిల్లవాడు కళ్లు పచ్చబడి, గోళ్లు పచ్చబడి కూర్చున్నాడు, వాడికి కామెర్లు. నేను వాడి గడ్డం పట్టి ముఖం క్లాసు వైపు తిప్పి, ఇతని ముఖం ఉడికించిన పసుపుకొమ్ము వలె పచ్చగా ఉన్నది, అన్నాను. ఇతని ముఖం ఉపమేయం, అంటే మనం చెప్పదలచుకున్నది. పసుపుకొమ్ము ఉపమానం, అంటే దేనితో పోల్చామో అది. పచ్చదనం రెంటికీ ఉన్న సమానధర్మం. వలె అన్నది ఉపమావాచకం. క్లాసు క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది, ఆ నవ్వుతో పాటే నాలుగు అంగాలూ వాళ్ల తలల్లోకి దిగిపోయాయి, జన్మలో మరిచిపోరు. వాడూ నవ్వాడు. ఆ ఏడు పరీక్షలో అందరూ ఆ ఉదాహరణే రాశారు, ఒక్కరికీ మార్కు పోలేదు. పసుపుకొమ్ము మాత్రం పరీక్ష రాయలేదు, మార్చి మొదటి వారంలో పోయాడు. పేపర్లు దిద్దుతూ ముప్పై తొమ్మిది సార్లు వాడి ముఖం చదివాను, ముప్పై తొమ్మిది సార్లు టిక్కు పెట్టాను. ఏం చేయమంటారు, జవాబు కరెక్టే కదా.

అప్పటి నుంచి నా క్లాసులో ప్రతి అలంకారానికీ ఒక మనిషి ఉంటాడు. జూన్‌లో పిల్లలు కొత్త బట్టలేసుకుని వస్తారు, అప్పుడు వాళ్ల ముఖాల వెంట ఒకసారి కళ్లు పోనిస్తే ఎవరు దేనికి పనికొస్తారో తెలిసిపోతుంది. పొట్టివాడు, మెల్లకన్నువాడు, నత్తివాడు, తండ్రి తాగి రోడ్డు మీద పడి ఉండేవాడు. ఎవరినీ కొట్టను, బెత్తం ముట్టుకుని ఇరవై ఏళ్లయింది. ఏ అలంకారమైనా నాలుగు మెట్లలో చెప్పాలి, పేరు, లక్షణం, లక్ష్యం, సమన్వయం, చేతులు కట్టుకుని, ఒక్క ఊపిరిలో, పక్క సెక్షన్‌కు వినపడేంత గట్టిగా. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరొచ్చినా శైలజ మేడం నేరుగా నా క్లాసుకే తీసుకొచ్చేది. ఒకాయన నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుని, పండితులంటే మీరు సార్, అని నా భుజం తట్టి పోయాడు. మేడం ఆ రోజు అందరికీ చాయ్ తెప్పించింది. అదే మేడానికి ఇవాళ నా ముఖం చేదైంది. నిన్న సాయంత్రం క్లాసు లీడరు రంజిత్‌ను పక్కకు పిలిచి, "రేపు పెద్దసారొస్తడు, మీతోని మాట్లాడ్తడు. నా పరువు మీ చేతుల్ల ఉన్నది, అందరికి జెప్పు" అన్నాను. అంతకంటే విప్పి చెప్పడం నా వల్ల కాలేదు. నోరు మూసుకోండిరా, ఏమీ తెలియదనండిరా అని పద్నాలుగేళ్ల పిల్లల ముందు బతిమాలుకోవాలా. వాడు ఛాతీ విరిచి, "మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్, మేం జూస్కుంటం" అన్నాడు. ఇప్పుడు లోపల రామ్‌దాస్ గారు, జ్వరమొచ్చిన పిల్లవాడిని పలకరించినట్టు మెల్లగా, "తెలుగు సారు మీకు పాఠం ఎట్ల చెప్తడు? భయపడకుంట చెప్పుండ్రి" అంటున్నారు. బెంచీలు కదిలాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ కదిలాయి. గోడకు ఈవల ఉన్నా నాకు తెలుసు, నా పిల్లలు చేతులెత్తే చప్పుడు నాకు తెలుసు. వీళ్లు దీన్ని ఇన్‌స్పెక్షన్ అనుకుంటున్నారు.

మొదట లేచింది తుకారాం. వాడి అవ్వాబాపులు సరిహద్దు అవతలి వాళ్లు, ఇంట్లో మరాఠీ, నా చేతిలో పడ్డాకే వాడికి తెలుగు తిరిగింది. "ఉత్ప్రేక్షాలంకారం! లక్షణం, ఉపమేయాన్ని ఉపమానంగా ఊహించి చెప్పడం! లక్ష్యం, తుకారాం నడిచి వస్తుంటే గాలి పోయిన ట్రాక్టరు ట్రాలీ వస్తున్నదేమో అన్నట్లు ఉన్నది!" వాడి ఎడమకాలు పొట్టి. తన నడక గురించి తానే, ఒక్క అక్షరం తడబడకుండా, ఊపిరి ఎక్కడ పట్టాలో అక్కడ పట్టి, ఎక్కడ వదలాలో అక్కడ వదిలి చెప్పాడు. ఏం చెప్పాడురా అనిపించింది, ఛాతీ ఉబ్బింది, ఆ వెంటనే ఒళ్లు చల్లబడింది, రెండూ ఒకే క్షణంలో ఎలా కలుగుతాయో నాకు తెలియదు గానీ కలిగాయి. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, అతిశయోక్తి, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం, సారు భార్య జ్యోతిరాణి గారు గురక పెడితే నిజాంసాగర్ గేట్లు వాటంతట అవే లేస్తాయి. అయ్యో, అది కూడానా. రెండేళ్ల కింద వార్షికోత్సవానికి జ్యోతిరాణి కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, పిల్లలు స్టేజీ మీద ఇది చెప్పారు, షామియానా కింద అందరూ ఆమె వైపు తిరిగి నవ్వారు, ఆమె కొంగు సర్దుకుని నవ్వినట్టు ముఖం పెట్టింది. ఇంటికొచ్చాక స్టవ్వు వెలిగించకుండా నిలబడి, "ఇంట్ల నీకు వండి పెడ్తనే ఉన్న గద, బళ్లె నన్నే వండి పెడ్తున్నవా?" అంది. నేను బాగుంది, రాసుకుంటానన్నాను. అప్పటి నుంచి నేను నిద్రపోయిందాకా ఆమె కన్ను మూయదు, గోడవైపు తిరిగి నా ఊపిరి వింటూ పడుకుంటుంది, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంది. లోపల రామ్‌దాస్ గారు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఇంక ఉన్నయా?" అన్నారు. "ఇంక శాన ఉన్నయి సార్!" అని క్లాసంతా అరిచింది.

ఉన్నాయి, వరసగా వస్తున్నాయి, నత్తివాడు వృత్త్యనుప్రాస చెబుతున్నాడు, ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం, ఉదాహరణ వాడి మాటే. నేను వినడం మానేశాను. చెవులు మూసుకోలేదు గానీ మనసు జూన్ చివరి వారానికి పోయింది, వాన పడి ఆగిన మధ్యాహ్నం, కిటికీ ఊచల మీద నీటిబొట్లు. ఆ పిల్ల అప్పుడే పల్లె బడి నుంచి వచ్చి చేరింది, నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు, పాఠం చెబుతుంటే పెదవులు కదుపుతూ నాతో పాటు చదువుకునేది. ఉపమాలంకారం చెప్పి, ఎవరైనా సొంతంగా ఒక ఉదాహరణ చెప్పండి అన్నాను. ఎవరూ లేవరు, లేవరనే అడుగుతాను, అప్పుడు నాది చెప్పవచ్చు. ఆ పిల్ల లేచింది. చేతులు కట్టుకోలేదు. "మా అవ్వ చెయ్యి చెరుకాకోలె ఉంటది సార్. తల నిమిరితె గీస్కపోతది. అయినా తల ఇవతలికి తియ్యబుద్ధి గాదు" అంది, వాళ్లమ్మ గురించి. ఎవరూ నవ్వలేదు. తుకారాం నోరు తెరిచి ఆమె వైపు చూస్తున్నాడు. నేను ఇరవై రెండేళ్ల వయసు నుంచి పద్యాలు రాస్తున్నాను, పెట్టెలో తొమ్మిది నోటుబుక్కులున్నాయి, నిజామాబాద్‌లో ఏ సాహితీ సభ జరిగినా చేతిసంచితో పోయి చివరి వరసలో కూర్చుని నా వంతు కోసం చూసి వస్తాను, ఒక్కనాడూ నా పద్యం విని ఎవరూ అలా నోరు తెరవలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఇదే, నాకు అసూయ కలిగింది. పద్నాలుగేళ్ల పిల్ల మీద, కూలిదాని బిడ్డ మీద, గొంతు దాకా వచ్చిన అసూయ, మింగుదామంటే దిగలేదు.

లక్షణంలో మనోహరమైన పోలిక అని ఉన్నది, గీసుకపోయేది మనోహరమెట్లయితది, అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఆలోచనలో పడింది. అప్పుడు అన్నాను, రాసుకోండి, ఈమె ముఖం మొలాసిస్ వలె నల్లగా ఉన్నది. చెరుకురసంలోంచి చక్కెర అంతా తీసుకున్నాక అడుగున మిగిలే నల్లటి జిగురు, మా బోధన్‌లో దాని వాసన తెలియని ముక్కు లేదు. ఈ పిల్లలు అంగన్‌వాడీకి పోయే వయసులోనే ఫ్యాక్టరీ ఆగిపోయింది, వాళ్లు దాన్ని చూసి ఉండరు, కానీ ప్రతి ఇంట్లో తాతలు చెప్పి ఉంటారు. క్లాసు విరగబడి నవ్వింది, తుకారాం అందరికంటే గట్టిగా. నేను బోర్డు మీద నాలుగు అంగాలూ రాశాను, ఆ పిల్లను కూర్చోమనడం మరిచిపోయాను, బెల్లు కొట్టిందాకా నిలబడే ఉంది. వారం తిరక్కముందే వాక్యంలోంచి వలె రాలిపోయింది. ముఖమూ పోయింది, నలుపూ పోయింది, మొలాసిస్ ఒక్కటే మిగిలింది. మొలాసిస్, చదువు, అంటే లేచి చదివేది. మొలాసిస్, నీళ్లు తీసుకురా, అంటే తెచ్చేది. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదని చెప్పడమే రూపకం, ఉపమ తర్వాతి పాఠం అదే, నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరమే రాలేదు. బస్సులో పిలిచారట, ఊళ్లో నల్లా దగ్గర పిలిచారట, చెరుకు కొట్టే కాడ మేస్త్రీ కూడా అలాగే పిలిచి మోపులు ఎత్తమంటాడట. ఇవన్నీ కాగితంలో ఉన్నాయి, నేను చదవలేదనుకున్నాను గానీ చదివినట్టే ఉన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల సొంత వాక్యం ఇంకొకటి చెప్పలేదు. అది నాకు హాయిగా ఉండింది, అబద్ధమెందుకు.

"సార్, అసలుది ఇంక జెప్పలే!" రంజిత్ గొంతు. "ఉపమాలంకారం అందరం కల్సి చెప్తం సార్, గది మా క్లాసుది!" వద్దురా, అన్నాను, పైకే అన్నాను, స్టూలు మీదనుంచి సగం లేచాను, శైలజ మేడం గుమ్మంలోకి వచ్చి నా వైపు వేలు చూపించింది, మళ్లీ కూలబడ్డాను. లోపల అందరూ లేచి నిలబడ్డ చప్పుడు. పేరు, లక్షణం, లక్ష్యం, సమన్వయం. ఈమె ముఖం ఉపమేయం, మొలాసిస్ ఉపమానం, నలుపు సమానధర్మం, వలె ఉపమావాచకం. గోడ అదిరింది. నేనెప్పుడూ ఇంత బాగా చెప్పించలేదు. ఆ గొంతుల్లో ఆ పిల్ల గొంతు కూడా ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. ఉంది. నేను దిద్దిన గొంతు నాకు తెలియదా. చెప్పడం అయిపోయాక పిల్లలు చప్పట్ల కోసం ఆగారు, ఇన్‌స్పెక్షన్లలో ఇక్కడ చప్పట్లు పడతాయి. ఎవరూ కొట్టలేదు. ఎవరిదో కుర్చీ కిర్రుమంది, ఈరవ్వ ఏదో మెల్లగా చెప్పింది, రామ్‌దాస్ గారు ఊఁ అన్నారు, ఇంకా ఏదో చెప్పింది. తర్వాత మేడం గుమ్మంలోంచి, "రండి సార్, పిలుస్తున్నరు" అంది.

లోపలికి పోగానే క్లాసు మొత్తం లేచి నమస్తే సార్ అంది, రంజిత్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు, మీ పరువు నిలబెట్టినం చూడండ్రి అన్నట్టు. రామ్‌దాస్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. "మీ పిల్లలు బాగ నేర్చుకున్నరు సార్. నేను అడగకముందే అన్ని చెప్పిన్రు" అన్నారు, అందులో వెటకారం లేదు, అదే భయమేసింది. "నేనైతే రిపోర్టు రాసుడు అయిపోయింది. కాని ఈ తల్లి ఒక్కటి అడుగుతున్నది. అది జరిగితే కాగితం ఎనుకకు తీసుకుంటనంటున్నది. అమ్మా, మీరే చెప్పుండ్రి." ఈరవ్వ లేచి నిలబడింది. "నా బిడ్డెను పేరు వెట్టి పిలువుండ్రి సార్. గీ పోరగాండ్లందరి ముంగట, ఒక్కపారి. సారే పిలిస్తె అందరు పిలుస్తరు. రేపటిసంది బడికి తోలిస్త" అంది. అంతేనా, అనుకున్నాను. అంతేనా, ఇంత చిన్నదానికా మూడు రోజులుగా అన్నం సహించలేదు. ఒళ్లంతా తేలికపడింది, వీళ్లు మంచివాళ్లు, పల్లెవాళ్లు మంచివాళ్లు, దానికేముంది అంటూ నవ్వుతూ ఆ పిల్ల వైపు తిరిగి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

రాలేదు. ఇప్పుడే వస్తుంది అనుకున్నాను, గొంతు సవరించుకున్నాను, రాలేదు. హాజరు వేసేది లెక్కల సారు, నేను కాదు. జవాబు పత్రాల మీద ఉండేది నంబరు. ఫిర్యాదు కాగితంలో ఉండే ఉంటుంది, అందులో నేను చూసుకున్నది నా పేరొక్కటే. ఆమె చెప్పిన వాక్యం ఉంది, మా అవ్వ చెయ్యి చెరుకాకోలె ఉంటది సార్, అందులో ప్రతి మాటా ఉంది, ఆ రోజు కిటికీ మీద నీటిబొట్లున్నాయి, జడలకు కట్టిన రిబ్బన్లు ఎర్రవి. అఖిల, కాదు, అఖిల కిటికీ దగ్గర కూర్చుంటుంది. స్నేహలత, కాదు, ఆమె ఏ సెక్షన్. పిల్లలు నా అవస్థ చూసి సాయం చేద్దామని, పరీక్షలో పక్కవాడికి అందించినట్టు, పెదవులు కదపకుండా అందిస్తున్నారు, మొలాసిస్ సార్, సార్, మొలాసిస్. ఆ పిల్ల మొదట నేను ఆటపట్టిస్తున్నాననుకున్నట్టుంది. తర్వాత అర్థమైంది. అర్థమవుతుండగా నేను చూశాను, ఆమె ముఖాన్ని నేను నిజంగా చూసింది అప్పుడే, అది దేనిలాగా లేదు. నాకు సిగ్గేసింది, ఎన్నడూ పడనంత సిగ్గు, ముప్పై ఏళ్ల సిగ్గు ఒక్కసారిగా. "నీ పేరేంది బిడ్డా?" అన్నాను. సారు అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి ఆ పిల్ల చేతులు కట్టుకుని నోరు తెరిచింది. ఈరవ్వ అరచెయ్యి పెట్టి ఆ నోరు మూసింది. "సెప్పకు" అంది. అరవలేదు, ఏడవలేదు, బిడ్డ రెక్క పట్టుకుని బెంచీల మధ్యలోంచి నడిపించుకుని నా పక్కనుంచే బయటికి పోయింది. పిల్లలు నా వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూస్తున్నారు, రంజిత్ పెన్ను తీసి పట్టుకున్నాడు. రామ్‌దాస్ గారు ఫైలు మడిచారు. నేను బల్ల మీదికి వంగి, మెల్లగా, పిల్లలకు వినపడకుండా, "సార్, ఆ పిల్ల పేరేంది?" అని అడిగాను.

"ఆర్డర్ కాపీల ఉంటది సార్, చదువుకోండ్రి" అన్నారాయన.